పందికొక్కు విదేశయానం

ఆ మధ్య ఓ శుక్రవారం అల్ ఖోర్ దాటి వెళ్తుంటే రాస్ లఫాన్ బోర్డు చూసి మా అమ్మాయి, "నాన్నా, రాస్ అంటే ఏమిటి?" అని అడిగింది. అరబీలో రాస్ అంటే తల. సముద్రంలోకి పొడుచుకువచ్చిన నేలను కూడా అలాగే పిలుస్తారు.

"మరి గ్యాస్?" అంది వెంటనే. 1996లో ఈ రేవు నుంచి ద్రవరూప సహజవాయువు మొదటిసారి ఓడెక్కింది. గ్యాస్ అనే మాట మాత్రం 17వ శతాబ్దంలోనే పుట్టింది. ఇప్పటి బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త, అస్తవ్యస్తమైన శూన్యం అనే అర్థమున్న ఓ గ్రీకు మాట నుంచి దాన్ని తయారుచేశాడు. ఇంగ్లీషులో 'కేయాస్' కూడా ఆ మాటే!

ప్రోగ్రాముల్లో ఏ తప్పు ఎక్కడ మొదలైందో వెతకడం నా ఉద్యోగం. ఇంగ్లీషు మాటలు ఎక్కడ మొదలయ్యాయో వెతకడం నా సరదా. ఈ సరదాలో ఒకసారి నాలుక కరుచుకున్నాను కూడా. నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్‌ల మొదటి అక్షరాలు కలిపితే 'న్యూస్' అని చిన్నప్పుడు బడిలో విన్నదే మా అమ్మాయికీ చెప్పాను. తను నిఘంటువు తెరిచి చూపించింది. 'న్యూ' అంటే కొత్త, 'న్యూస్' అంటే కొత్త సంగతులు. అంతే! అప్పటి నుంచి మా ఇంట్లో ఒక నియమం: కథ ఎంత బాగున్నా, నిఘంటువు చూశాకే నమ్మాలి.

ఆ రోజు కారులో తను ఇంకో ప్రశ్న వేసింది. "బస్సు, రైలు, ఫోను... అన్నీ మనం తెచ్చుకున్నవేనా? తెలుగు ఎవరికీ ఏమీ ఇవ్వలేదా?" ఆ గొంతులో కాస్త బాధ ఉంది. నియమం ఉంది కాబట్టి ఏదో ఒకటి అల్లి చెప్పలేను. ఇంటికి రాగానే 1886లో వచ్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు తీశాను. 'బ్యాండికూట్' దగ్గర స్పష్టంగా ఉంది: తెలుగు 'పందికొక్కు' నుంచి వచ్చిందని! ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్ళు అక్కడి ఓ జంతువుకీ ఆ పేరే పెట్టారు. నిజానికి అది ఎలుక జాతిదే కాదు, కంగారూలా పొట్టకు సంచీ ఉన్న జంతువు. దాని పేరుతోనే 1996లో 'క్రాష్ బ్యాండికూట్' వీడియో గేమ్ వచ్చింది.

"అయితే క్రాష్‌ది తెలుగు పేరా!" అని ఎగిరి గంతేసి, వెంటనే అమ్మమ్మకు ఫోన్ చేసింది. అంతా విని ఆవిడ, "మన గాదె గుల్లచేసిన ఆ పాడు పందికొక్కుకి అంత పేరొచ్చిందా!" అంది. ఇద్దరూ అరగంట తెలుగులోనే మాట్లాడుకున్నారు. నాకు అంతకంటే ఏం కావాలి?

పిల్లలూ, ఇక మీ వంతు. మన చక్కెర, అరబీ సుక్కర్, ఇంగ్లీషు షుగర్ మూడూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి ఎవరు? అమ్మానాన్నలను అడగండి. వాళ్ళేం చెప్పినా సరే, నిఘంటువు చూశాకే నమ్మండి!