పిలుపు కాదు, పాలు కావలెను

ప్రపంచాభివృద్ధి విధానములను నిర్ణయించు మహాసభలలో యువజనులకు స్థానము గలదని రాజ్యాధినేతలు చెప్పుట పరిపాటియైనది. 2022లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక యువజన కార్యాలయమునే నెలకొల్ప నిశ్చయించినది. సంతోషమే. కాని ఉపన్యాసమునకు అయిదు నిమిషములిచ్చి, తీర్మానము వ్రాయువేళ తలుపు మూయుట యెట్టి గౌరవము? పెండ్లికి పిలిచి పంక్తిని కూర్చుండనీయని మర్యాద యిది.

వనువాటులో జరిగినది వేరు. అచ్చట చదువుచున్న పసిఫిక్ దీవుల న్యాయశాస్త్ర విద్యార్థులు 27 మంది, సముద్రము తమ తీరములను మ్రింగుచుండగా, దేశముల బాధ్యత యేమో అంతర్జాతీయ న్యాయస్థానమే చెప్పవలెనని 2019లో పట్టుబట్టిరి. వనువాటు ప్రభుత్వము ఆ కోర్కెను తనదిగా జేసికొని దేశదేశముల మద్దతు కూడగట్టెను. 2023 మార్చి 29న సర్వప్రతినిధి సభ ఏకాభిప్రాయముతో ఆ ప్రశ్నను న్యాయస్థానమునకు నివేదించెను. వాతావరణ రక్షణము దేశములకు చట్టము విధించిన కర్తవ్యమనియు, దానిని మీరినవారు నష్టపరిహారమునకు బద్ధులు కావచ్చుననియు 2025 జులై 23న న్యాయస్థానము ఏకగ్రీవముగా అభిప్రాయమొసగెను. అది సలహాయే గాని అమలుపరుప దగిన తీర్పు కాదు, నిజమే. అయినను ఇట్టి సలహాను దేశములు సులభముగా త్రోసిపుచ్చజాలవు.

ఆ విద్యార్థులు ఆసనముకొరకు వేచియుండలేదు; ముందు వాదమును సిద్ధపరచిరి, పిదప దానిని మోయుటకొక ప్రభుత్వము దొరకినది. ఇతరత్ర అట్టి ప్రభుత్వమే అరుదు. ప్రతినిధివర్గములలో యువకులను చేర్చుకొను ప్రభుత్వములు ప్రయాణవ్యయముతోపాటు తీర్మానపు చిత్తుప్రతులను గూడ, సభకు నెలదినములు ముందుగనే, వారి చేతికీయవలెను.