వంగడములు కావలెను, వాని కర్తలు వలదా?

గత సంవత్సరము మేమొక మిత్రుని యింట భుజించితిమి. ఆయన విద్యావంతుడు, కట్నము పుచ్చుకొనక కుమారునికి పెండ్లి చేసిన సంస్కారి. వడ్డన జరుగుచుండగా, "మాస్టారూ, ఇది అసలైన సాంబమసూరి, మెతుకుకు మెతుకు అంటదు చూడండి" అని మురిసిపోయెను. మా పాఠశాలలో చదివి ఇంటర్మీడియటు ముగించిన ఆయన కుమార్తెకు వృక్షశాస్త్రమన్న మిక్కిలి మక్కువ. ఆమె వ్యవసాయ కళాశాలలో చేరి, క్రొత్త వంగడముల సృష్టిని గూర్చి పరిశోధన చేయగోరుచున్నదని మేము ప్రస్తావించితిమి. మిత్రుని మొగము మాడినది. "బురదలో దిగుటకా దాని నింత చదివించినది? రేపు సంబంధము వచ్చినప్పుడు పిల్ల యేమి చేయుచున్నదని చెప్పుకొనవలెను?" అనెను. ఆమె యిప్పుడు వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు రెండవమారు శిక్షణ పొందుచున్నది.

తన విస్తరిలోని యన్నమే తన ప్రశ్నకు సమాధానమని ఆయనకు తోపలేదు. చదువరులారా, ఆ యన్నము కథ వినుడు.

సాంబమసూరి యని మనము పిలుచు బి.పి.టి. 5204 తనంతట తాను పుట్టినది కాదు. బాపట్ల పరిశోధనస్థానమున రూపొంది, 1986లో విడుదలయ్యెను. దాని వంశమున తమిళదేశపు జి.ఇ.బి. 24, తైవాను నుండి వచ్చిన పొట్టివరి, మలేషియా మసూరి కలిసియున్నవి. కలుపుట యన్న మాటలో ఎంత శ్రమ యిమిడియున్నదో యోచింపుడు. వరిపూవు తన పుప్పొడితో తానే ఫలించును. కావున పూవు విచ్చకమునుపే పైపొట్టు కొన కత్తిరించి, లోపలి ఆరు కేసరములను తీసివేసి, వెన్నునకు కాగితపు సంచి తొడిగి, పిదప వేరొక వంగడపు పుప్పొడిని దానిపై రాల్చవలెను. అట్లు దొరకిన గింజలను విత్తి, రెండవ తరమున వేలకొలది మొక్కలలో మేలైనవాని నేరి, గుణములు నిలుకడ పడువరకు తరము వెంట తరము పరీక్షించి, పలుతావుల పండించి చూడవలెను. ఇందులకు పది సంవత్సరములు పట్టుట సామాన్యము. ఈ పనిలో పెద్దపాలు మడిలోనే జరుగును. మా మిత్రుడు బురద యని యీసడించిన దిదియే.

మన పూర్వులు మడి కట్టుకొని యొరులను తాకరైరి. ఆ మడిని విడిచితిమని గర్వించు మనము వరిమడిని తాకరాని దనుకొనుచున్నాము. అర్థము మారినది గాని బుద్ధి మారలేదు.

కావలసిన వంగడము లున్నవి గదా, ఇక పరిశోధన యేల యనువారు గలరు. సాంబమసూరికి ఆకుఎండు తెగులు శత్రువు. హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రమును, వరి పరిశోధన సంస్థయు కలిసి, ఆ తెగులు నెదిరించు మూడు జన్యువులను దానిలో ప్రవేశపెట్టి, 2008లో మెరుగైన సాంబమసూరిని విడుదల చేసిరి. ఆ జన్యువులలో నొకటి ఆఫ్రికా ఖండపు అడవివరినుండి వచ్చినది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము జన్యుసవరణచే రూపొందిన రెండు వరివంగడములను ప్రకటించెను. అందు 'కమల'కు మూలము సాంబమసూరి. ఢిల్లీలో రూపొందిన రెండవదానికి మూలము మార్టేరు కాటన్‌దొర సన్నాలు. రెండింటి మూలములును తెలుగునేలవే! తెగులు మారును, వాన తప్పును, నేల చవుడుబారును. వంగడము మాత్రము మారక నిలిచిన మన కంచమున నేమి మిగులును?

ఇది ఆడపిల్లకు తగునా యను శంకయు వినబడుచున్నది. 1897లో తలచేరిలో జన్మించిన జానకి అమ్మాళ్ కోయంబత్తూరున చెరకు సంకరములపై కృషి చేసి, 1945లో డార్లింగ్టనుతో కలిసి సేద్యపు మొక్కల క్రోమోసోములపై గ్రంథమును వెలువరించెను. నాడు ఆమెకు తగిన పని నేడు మన కుమార్తెలకు తగకపోవునా?

ఒక్క ఆక్షేపణ మాత్రము బలమైనది. పట్టమునకు నాలుగేండ్లు, పై పట్టమునకు రెండేండ్లు, పరిశోధనకు మూడేండ్లో అంతకు మించియో పట్టును. ఇంచుమించు ముప్పదవ యేట చేతికి వచ్చునది పెక్కుమారులు ఏడాదికేడాది పొడిగింపబడు తాత్కాలికోద్యోగము. ఇది నిజము, మేము దాచము. అయితే దీనిని సరిదిద్దుమని యడిగినవా రెవ్వరు? మా యూరికి వైద్యకళాశాల కావలెనని సభలు జరుపు మనము, పరిశోధనస్థానమున ఖాళీ లెన్ని యని యొక్కసారియైన నడిగితిమా? చదువుకొన్న కుటుంబములు గౌరవింపని వృత్తిని ప్రభుత్వము గౌరవించునని యాశించుట యవివేకము. ముందు మన పిల్లలను పంపుదము. పిదప వారి జీతమునకై, స్థిరత్వమునకై నోరు విప్పుదము. పంపకయే, అడుగకయే, సన్నబియ్యము మాత్రము కోరుట యే సంస్కారము?

మా మిత్రునికి మా మనవి యొక్కటే. సంబంధము చూడవచ్చినవారు పిల్ల యేమి చేయుచున్నదని యడిగినచో, ముందు వారికి అన్నము వడ్డింపుడు. వారు మెచ్చుకొనిన పిదప, "ఇట్టి యన్నము రేపును దొరకునట్లు చేయుచున్నది" అని చెప్పుడు. అంతట లేచిపోవువారితో వియ్యము తప్పిన నష్టము లేదు. ఆ బాలిక రెండవ పరీక్ష యింకను జరుగలేదు. త్రోవ మార్చుటకు వ్యవధి యున్నది.