ఫోటో చూసి పాడిన పాట

భారత ఒప్పందాల చట్టం 1872 నాటిది. అందులో 17వ సెక్షన్ కింద ఉదాహరణగా ఒక గుర్రం వస్తుంది. యజమాని దాన్ని వేలంలో అమ్ముతాడు. గుర్రం బాగాలేదని అతనికి తెలుసు, కొనేవాడికి మాత్రం చెప్పడు. ఇది మోసమా? కాదంటుంది చట్టం. అతను అబద్ధం ఆడలేదు, ఊరుకున్నాడంతే. చెప్పి తీరాల్సిన బాధ్యత ఉన్నచోట తప్ప ఊరుకోవడం మోసం కాదు.

ఆ రోజులకు ఆ మాట న్యాయమే. గుర్రం ఎదురుగా ఉంది. నడిపించి చూడొచ్చు, కాలెత్తి చూడొచ్చు, తెలిసినవాణ్ణి వెంట తెచ్చుకోవచ్చు. మన పశువుల సంతల్లో జరిగేదీ అదే. ఎద్దును బేరమాడే రైతు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు తోలి చూస్తాడు. ఇన్ని చూశాక కూడా మోసపోతే అందులో అతని వాటా కొంత ఉందని చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకుంటారు. ఆన్‌లైన్ వేలంలో పళ్ళు పట్టి చూసే వీలు లేదు. కొనేవాడికి కనిపించేవి కొన్ని ఫోటోలే. తీసింది అమ్మేవాడు. ఏ వైపు నుంచి, ఏ వెలుతురులో తీయాలో, ఏ మూల వదిలేయాలో తేల్చుకున్నదీ అతనే. ఫోటోలో ఒకటి, పార్సిల్‌లో ఒకటి అని మొదలయ్యే తగువులన్నీ ఈ తేడా దగ్గరే పుడతాయి.

పాత కెమెరా లెన్సుల వ్యాపారం చూస్తే సంగతి బాగా అర్థమవుతుంది. ఫిల్మ్ కాలం నాటి నికాన్, క్యానన్, పెంటాక్స్ లెన్సులు, సోవియట్ కాలపు హీలియోస్‌లు ఇప్పటికీ ఈబేలో పాటకు వస్తుంటాయి. వాటిలో జపాన్ నుంచి వచ్చేవి చాలా ఉంటాయి. లెన్సు పాతబడితే దానికి పట్టే జబ్బులు కొన్ని ఉన్నాయి. తేమకు గాజు మీద ఫంగస్ పడుతుంది. సన్నటి పోగులుగా పాకి, ఎక్కువకాలం వదిలేస్తే పైపూతను తినేస్తుంది. తర్వాత తుడిచినా మచ్చ పోకపోవచ్చు. లోపలి గాజుల మీద పల్చటి మసక కమ్ముతుంది. అపెర్చర్ రేకులు నూనె పట్టి బిగుసుకుంటాయి. విశాఖలోనో కాకినాడలోనో కెమెరాలు దాచుకునేవాళ్ళకు ఈ బాధ కొత్త కాదు, సిలికా జెల్ పొట్లాలు లేకుండా వాళ్ళు లెన్సు పెట్టెలో పెట్టరు.

ఈ జబ్బుల్లో చాలావరకు మామూలు ఫోటోకు అందవు. ఎదురుగా పెట్టి తీస్తే గాజు తళతళలాడుతూ ఉంటుంది. అదే లెన్సు వెనకనుంచి టార్చి వేసి చూస్తే లోపలి పోగులన్నీ బయటపడతాయి. కాబట్టి అమ్మేవాడు ఎక్కడా అబద్ధమాడకుండానే, ఒక్క ఫోటో తీయకుండా వదిలేసి, జబ్బు లెన్సును మంచి లెన్సులా చూపించగలడు. పార్సిల్ హైదరాబాద్ చేరి, కస్టమ్స్ సుంకం కట్టి, పెట్టె విప్పి, టార్చి వేసి చూసేసరికి డబ్బు ఎప్పుడో వెళ్ళిపోయింది. తిప్పి పంపాలంటే తపాలా ఖర్చే లెన్సు ధరకు దగ్గరపడొచ్చు. కొన్నవాడి కోపంలో న్యాయం ఉంది.

అయితే అమ్మేవాడి వైపు ఉన్న నిజాలు కూడా చిన్నవి కావు. ఇవి విడిగా వినాలి, ఎందుకంటే ఇలాంటి తగువుల్లో జాలి ఎప్పుడూ డబ్బు కట్టినవాడి మీదికే పోతుంది. తండ్రి పోయాక అటక మీద దొరికిన కెమెరాను అమ్మకానికి పెట్టిన కొడుకుకు ఫంగస్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. తెలియనిదాన్ని దాచాడని అనలేం. రెండోది, ఎంత నిజాయితీగా తీసినా ఫోటోకు చేతకానివి కొన్ని ఉన్నాయి. పట్టుచీరల వాళ్ళను అడిగితే చెబుతారు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన నెమలికంఠం చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. దాని రంగు ఇదీ అని చెప్పగల ఫోటో ఒక్కటీ ఉండదు. ముదురు ఊదాలు, నీలి ఆకుపచ్చలు ఫోన్ కెమెరాకు ఒకలా, తెరకు ఒకలా, పగటి వెలుతురుకు ఒకలా ఉంటాయి. అలాంటి చీర అందుకుని ఫోటోలో ఉన్న రంగు కాదని వాపసు చేస్తే నేతగాడు దారి ఖర్చులు పోగొట్టుకుంటాడు, మడత విప్పిన చీరను కొత్తదిగా మళ్ళీ అమ్ముకోనూ లేడు.

మూడోది వేలానికే ప్రత్యేకం. ఆర్కో చమురు కంపెనీలో పనిచేసిన ముగ్గురు ఇంజనీర్లు, కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, 1971లో ఒక వ్యాసం రాశారు. సముద్రంలో చమురు బావుల హక్కులకు వేలం పాడి గెలిచిన కంపెనీలకు అనుకున్నంత లాభం ఎందుకు రావడం లేదన్నది వాళ్ళ ప్రశ్న. కింద ఎంత చమురు ఉందో ఎవరికీ సరిగ్గా తెలియదు. తలా ఒక అంచనా వేస్తారు. అందరికంటే ఎక్కువ ఊహించుకున్నవాడికే పాట దక్కుతుంది. అంటే, గెలవడంలోనే నష్టం దాగి ఉంది. ఫోటో చూసి పాడే పాట కూడా అంతే. ఒకే ఫోటోను ఇరవైమంది చూస్తే, అందులో అందరికంటే మంచి లెన్సును ఊహించుకున్నవాడే పైపాట పాడతాడు. పెట్టె విప్పాక అతనికి నిరాశ కలగడానికి అమ్మేవాడి తప్పు అవసరం లేదు. ఆ నిరాశను ఫోటోలో ఉన్నట్టు లేదన్న ఫిర్యాదుగా మార్చడం ఎంతో సులువు.

వస్తువు మార్చేసే మోసం కూడా ఉంది. మంచి లెన్సు తెప్పించుకుని, తన దగ్గరున్న పాడైన లెన్సును వాపసు పెట్టెలో పెట్టి పంపేవాళ్ళున్నారు. అందుకే తెలివైన అమ్మకందారు సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీస్తాడు, పెట్టె కట్టేటప్పుడు వీడియో తీసుకుంటాడు. అయినా ఈబే నిబంధనల్లో తక్కెడ కొనేవాడి వైపే వంగి ఉంటుంది. వాపసు తీసుకోనని రాసిపెట్టినా సరే, వర్ణించినట్టు లేదని కొన్నవాడు 30 రోజుల్లో ఫిర్యాదు చేస్తే వాపసు దారి తెరుచుకుంటుంది, తిరుగు ఖర్చు అమ్మినవాడిది. 2008 నుంచి అమ్మేవాడు కొన్నవాడి గురించి చెడ్డ మాట నమోదు చేసే వీలు కూడా లేదు. అంతకుముందు అమ్మకందార్లు ఆ వీలును కక్ష సాధింపుకు వాడిన మాట నిజమే, మార్పుకు కారణమూ అదే. కానీ ఇప్పుడు, అలవాటుగా వాపసు పంపే మనిషిని గుర్తుపట్టడానికి కొత్తగా అమ్మకానికి వచ్చినవాడికి ఆధారం తక్కువ.

ఈ రెండు వాదాల మధ్య జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు ఇచ్చిన రెండు తీర్పులు నాకు దారి చూపించాయి. మొదటిది 2004 నవంబరు నాటిది. ఒక నగల వ్యాపారి వజ్రాల కంకణాన్ని ఒక యూరో ప్రారంభ ధరతో ఈబేలో పెట్టాడు. పాట దక్కినవాడు దాన్ని తీసుకోనన్నాడు. వేలంలో కొన్నదానికి వాపసు హక్కు ఉండదు కదా అన్నది వ్యాపారి వాదన. వేలం వేసేవాడు సుత్తి కొట్టి ఖాయం చేసేదే చట్టం చెప్పే వేలం, ఇక్కడ గడువు ముగియడం తప్ప అలాంటిదేమీ జరగలేదు, కాబట్టి దూరం నుంచి కొన్న మామూలు వినియోగదారుకు ఉండే వాపసు హక్కు ఇతనికీ ఉంటుందని కోర్టు చెప్పింది. అమ్మింది వ్యాపారి అయినప్పుడు మాత్రమే ఇది వర్తిస్తుంది.

రెండోది 2012 మార్చి నాటిది, ఇంకా లోతైనది. ఒకామె వెర్టు ఫోన్‌ను ఒక యూరో నుంచి పాటకు పెట్టింది. వెర్టు అంటే నగల ధరలకు అమ్మే ఫోన్ల బ్రాండు. దాదాపు కొత్తది, వాడిన గుర్తులు కొద్దిగా ఉన్నాయని రాసి, ఫోటో పెట్టింది. ఒకాయనకు 782 యూరోలకు దక్కింది. ఆమె ఇవ్వబోయిన ఫోన్ నకిలీ అని అతను తీసుకోలేదు. అసలుది 24,000 యూరోలు చేస్తుందని, ఆ తేడా ఇప్పించమని దావా వేశాడు. ఒక్క యూరోకు మొదలైన పాటలో అసలు వస్తువు దొరుకుతుందని ఎవరు నమ్ముతారని కింది కోర్టులు కొట్టేశాయి. పై కోర్టు ఒప్పుకోలేదు. వేలంలో మొదటి ధర వస్తువు విలువను చెప్పదు, ధర చవక అన్న ఒక్క కారణంతో అమ్మిన మనిషి మాటకు విలువ లేదనడం కుదరదు అంటూ మళ్ళీ విచారించమని వెనక్కి పంపింది. చవకగా వచ్చిందిగా, ఇంకేం అడుగుతావు అనే వాదన మన దగ్గర కూడా బాగా వినిపిస్తుంది. అది తప్పు. ధరను తగ్గించాల్సింది చెప్పిన లోపం, దాచిన లోపం కాదు.

ఈ మాటకు వ్యాపార లెక్కల నుంచి కూడా బలం ఉంది. గ్రెగరీ లూయిస్ అనే ఆర్థికవేత్త ఈబేలో పాత కార్ల వేలాలను పరిశీలించి 2011లో ఒక పరిశోధన ప్రచురించాడు. ఫోటోలు, వివరాలు ఎక్కువగా ఇచ్చిన కార్లకు ధరలు కూడా ఎక్కువగా పలికాయి. ఫోటోలూ రాతా కలిసి అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఒప్పందపు హద్దులు గీస్తాయని అతని వివరణ. తుప్పు ఫోటో తీసి పెట్టినవాడు ఆ తుప్పు విషయంలో తర్వాత వచ్చే తగువునుంచి బయటపడ్డాడు. పెట్టనివాడి మౌనానికి కొనేవాళ్ళు ముందే ధర తగ్గించి పాడతారు.

అందువల్ల నా తూకం ఇలా ఉంది. ఫోటో అలంకారం కాదు, అమ్మేవాడు ఇచ్చిన మాటలో భాగం. వస్తువు చేతిలో ఉన్నది అతనికే కాబట్టి, చూపించగలిగి చూపించని లోపం అతని ఖాతాలో పడాలి. ఫోటో చూపించలేనిది, రంగు లాంటిది, మాటల్లో రాస్తే అతని పూచీ తీరిపోవాలి. రాశాక కూడా రంగు మారిందని వాపసు పంపేవాడు దారి ఖర్చు తనే పెట్టుకోవాలి. తనకు తెలియదని అమ్మేవాడు చెప్పుకునే దారి కూడా ఉండాలి. జపాన్ వేలాల్లో దానికి జంక్ అని ఒక ముద్ర ఉంది. పరీక్షించలేదు, పనిచేస్తుందో లేదో చెప్పలేను అని దాని భావం. అలా పెట్టినదాన్ని తెలిసి కొన్నవాడు గొడవపడటంలో న్యాయం లేదు. కానీ అక్కడి చట్టం కూడా ఒక గీత గీసింది. ఫిర్యాదులు, వాపసులు ఉండవని రాసినా, తెలిసిన లోపాన్ని దాచినవాణ్ణి ఆ రాత కాపాడదు. బ్యాంకులు జప్తు చేసిన కార్లను ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని పాటకు పెడతాయి, అది సబబే, ఎందుకంటే యార్డుకు వెళ్ళి చూసుకోవడానికి ఒక తేదీ ఇస్తాయి. చూసే వీలివ్వకుండా అదే ముక్క రాసుకునేవాడికి ఆ రక్షణ ఉండకూడదు.

కొనేవాడు చేయాల్సింది కూడా ఉంది. 17వ సెక్షన్‌లో ఆ గుర్రం గురించే ఇంకో ఉదాహరణ ఉంది. నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను అని కొనేవాడు అంటాడు, యజమాని ఊరుకుంటాడు. అక్కడ మాత్రం ఊరుకోవడం మాట్లాడినట్టే అవుతుంది. పాటకు ముందు ఒక్క సందేశం పంపి, లోపల ఫంగస్ లేదనే అనుకుంటున్నాను, ఉంటే చెప్పండి, టార్చి వేసి ఒక ఫోటో పెట్టండి అని అడిగితే కొనేవాడి స్థానం ఎంతో గట్టిపడుతుంది. ఇంత తేలికైన పని చేయనివాడి మీద నాకు జాలి కొంత తగ్గుతుంది.

మన దేశంలో 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు బొమ్మల మాట పేరుపెట్టి చెప్పాయి. వర్ణనలు, బొమ్మలు వస్తువు రూపానికీ నాణ్యతకూ సరిపోవాలని అమ్మకందార్ల దగ్గర హామీ తీసుకోవడం వేదికల బాధ్యత. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. కానీ అదే నిబంధనలు, వ్యాపారంగా కాకుండా సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తిని పక్కన పెట్టాయి. ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో పాత కెమెరాలు, నాణేలు, గడియారాలు పాటలకు పెట్టేవాళ్ళలో చాలామంది అలాంటివాళ్ళే. ఆ మినహాయింపు ఉండటం సరైనదే అనుకుంటాను. అటక మీది కెమెరా అమ్ముకునేవాడి మీద దుకాణం పెట్టినవాడి బరువు మోపలేం. అయితే పేరుకు సొంత వస్తువని చెప్పి నెలనెలా పాటలు నడిపేవాళ్ళు అదే గొడుగు కిందికి దూరుతున్నారు. వాళ్ళను వేరుచేసే పని ప్రస్తుతానికి గ్రూపు నడిపేవాళ్ళ మీదే పడింది. టార్చి ఫోటో, సీరియల్ నంబరు ఫోటో లేనిదే పోస్టు అంగీకరించకపోవడం, పార్సిల్ అందాక మూడు రోజుల్లోపు వచ్చిన ఫిర్యాదునే తీసుకోవడం, వస్తువు ఉంచుకుంటే ధరలో కొంత వెనక్కి ఇప్పించడం వాళ్ళ చేతిలో ఉన్న పనులు. పాట ముగిశాక పోస్టును, ఫోటోలను ఎవరూ తొలగించకుండా చూడటం కూడా వాళ్ళు చేయాలి, కనీసం ఆ మూడు రోజుల గడువు దాటేవరకు.