నొప్పికి నాలుగు మాటలు

నా తుంటి కీలు మార్పిడి జరిగి ఆరు వారాలైంది. సాయంత్రాలు ఖురం బీచ్ పక్కన కాలిబాట మీద చేతికర్రతో నడుస్తున్నాను. ఇసుకలోకి మాత్రం దిగను. అక్కడ అడుగు కుదురుగా పడదు.

కొత్త కీలు అమర్చేటప్పుడు చుట్టూ ఉన్న కండరాలను పక్కకు జరుపుతారు, కొన్నిసార్లు కోస్తారు. అవి మానేదాకా నొప్పి ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఆపరేషన్ జరిగితే, అది ఏ నొప్పో అడగండి. ఈ నాలుగు మాటలు నేర్చుకోండి.

పట్టేయడం: కండరం బిగుసుకోవడం. చాలాసేపు కూర్చుంటే తొడ పట్టేస్తుంది. లేచి నాలుగడుగులు వేస్తే సడలుతుంది.

సలుపు: ఆగకుండా లోపల లాగే నొప్పి. ఎక్కువ నడిచిన రోజు రాత్రి సలుపుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టండి. మరునాడు నడక తగ్గించండి, మానకండి.

పోటు: పొడిచినట్టు వచ్చే నొప్పి. ఉన్నట్టుండి తుంటిలో పోటు వచ్చి కాలు మోపలేకపోతే, కీలు జారి ఉండవచ్చు.

వాపు: పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నూనె రాసి మర్దన చేయకండి.

మొదటి రెండిటికీ ఓపిక కావాలి. చివరి రెండిటికీ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం వచ్చినా అంతే.

ఈ రాత్రే అడగండి: "అవ్వా, పట్టేసిందా, సలుపుతోందా?"