బూర ఊదకుండా ఇద్దాం



డిసెంబరు వచ్చిందంటే మా మందిరంలో శనివారం సాయంత్రాలు సందడిగా ఉంటాయి. సంగీతం నేర్చుకునే పిల్లలు పద్నాలుగు మంది. రెండు కీబోర్డులు, ఒక డోలక్, ఒక జత తబలా, నాలుగు కంజీరలు. నేర్పేది మా సంఘ యౌవనస్థుడే. పగలు సెల్‌ఫోన్ల కొట్టులో పని చేసుకొని, సాయంత్రం వచ్చి నేర్పుతాడు. క్రిస్మస్‌కు ముందు వారంలో ఈ పిల్లలు ఊరివారందరి ముందు పాడి వాయిస్తారు. ఆ రోజు వచ్చిన కానుకలను ఏ కులం, ఏ మతం అని చూడకుండా ఊరిలోని పేదవారికి ఇస్తాము. ఇది మంచి పని అని ఇప్పటికీ నమ్ముతున్నాము. ఐదు రొట్టెలు, రెండు చేపలు ప్రభువు చేతికి అందింది కూడా ఒక చిన్నవాని దగ్గర నుంచే కదా (యోహాను 6:9).

అయితే నిరుడు ఈ మంచి పనిలోనే మేము ఒక తప్పు చేశాము. దానిని దాచుకోవడం కంటే చెప్పుకోవడమే మేలనిపించి ఇది వ్రాస్తున్నాము.

సంఘ పెద్దలు పద్దెనిమిది మంది విధవరాళ్ళ పేర్లు వ్రాసి ఇచ్చారు. పిల్లల పాటలు అయ్యాక ఒక్కొక్కరినీ మైకులో పిలిచి, వేదిక ఎక్కించి, దుప్పటి ఇచ్చి, ఫోటో తీయాలని ఏర్పాటు. ఇస్తున్నంత సేపూ వెనుక నెమ్మదిగా సైలెంట్ నైట్ రాగం వాయించమని ఒక పదకొండేళ్ళ బాబుకు చెప్పాము. ఏడెనిమిది పేర్లు అయ్యాక కీబోర్డు ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నాము. చూస్తే లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అప్పుడు వేదిక మెట్లు ఎక్కుతున్నది ఆ బాబు అమ్మమ్మ.

ఆమె దుప్పటి అందుకుంటూ కొంగు ముఖం మీదికి లాక్కున్నది. మేము మైకులో ఏమన్నామో ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. "అమ్మా, కొంగు తియ్యండి, ఫోటోలో ముఖం కనబడాలి" అన్నాము.

ఆ రాత్రే ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాము. రెండు రోజులకు కువైట్ నుంచి ఫోను. ఆ బాబు తల్లి. అక్కడ ఒక ఇంట్లో పనిమనిషిగా ఉంటున్నది. "అయ్యగారూ, దుప్పటి ఇచ్చినందుకు వందనాలండి. కానీ మా అమ్మ ఒకరి ముందు చెయ్యి చాపకూడదనే నేనిక్కడ ఇంకొకళ్ళ ఇల్లు తుడుస్తున్నాను. ఆ ఫోటో ఇక్కడ మనూరోళ్ళందరూ చూశారండి" అన్నది. కోపంగా అనలేదు. మెల్లగానే అన్నది. మా దగ్గర జవాబు లేదు.

ఫోటోలు తీసివేశాము. మేమూ, అమ్మగారూ ఆ ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాము. ఆ పెద్దావిడ "పోనీలెండయ్యా" అని మాకు టీ పెట్టి ఇచ్చింది. దుప్పటి మాత్రం ఇంకా కవరులోనే, ట్రంకు పెట్టె మీద ఉంది. బాబు మూడు వారాలు పాఠానికి రాలేదు.

ధర్మము చేసేటప్పుడు ముందుగా బూర ఊదించుకోవద్దని ప్రభువు హెచ్చరించారు (మత్తయి 6:2). ఈ మాట మీద ఎన్నోసార్లు ప్రసంగించాము. కానీ నిరుడు ఆ బూర మేమే ఊదించాము. అదీ ఒక పసివాని చేత, వాని అమ్మమ్మ ముందర. ఇచ్చేవాడు తన ఎడమచేతికి కూడా తెలియనివ్వకూడదన్నది ఇచ్చేవానికి గర్వం రాకుండా మాత్రమే చెప్పిన మాట కాదని, పుచ్చుకునేవారి ముఖాన్ని కాపాడే మాట కూడా అని మాకు ఆలస్యంగా అర్థమైంది.

సంగీతంతో పేదవారికి సహాయం చేయడం కొత్త సంగతి కాదు. ఈ రోజుల్లో క్రిస్మస్‌కు లోకమంతా పాడుకునే హాండెల్ గారి మెస్సయ్య మొదటిసారి ప్రదర్శించింది 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్ పట్టణంలో. అది కూడా ధర్మకార్యం కోసమే. వచ్చిన సొమ్ము రెండు ఆసుపత్రులకూ, అప్పులు కట్టలేక చెరసాలలో ఉన్నవారిని విడిపించడానికీ పంచారు. 142 మంది అలా విడుదలయ్యారు. హాలులో పాట వినిపిస్తున్నప్పుడు వారు ఇంకా చెరలోనే ఉన్నారు. ప్రేక్షకుల ముందు నిలబడి దండం పెట్టనక్కరలేకుండానే వారి అప్పు తీరింది. వారికి కావలసింది చప్పట్లు కాదు, తలుపు తెరుచుకోవడం.

"ఫోటో లేకపోతే వచ్చే ఏడాది ఎవరిస్తారు అయ్యగారూ? డబ్బు ఏమైందని అడగరా?" అని మా పెద్దలలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పౌలు కూడా కానుకల విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా జాగ్రత్తపడ్డాడు, నమ్మకమైన మనుష్యులను తోడు పంపాడు (2 కొరింథీ 8:20, 21). కాబట్టి లెక్క చూపించవలసిందే. కానీ లెక్క చూపించడం వేరు, మనిషిని చూపించడం వేరు. కాగితం మీద అంకెలు పెడితే ఎవరూ కొంగు కప్పుకోనక్కరలేదు.

అందుకే ఈ సంవత్సరం ఇలా నిర్ణయించుకున్నాము. గుమ్మం దగ్గర కానుక పెట్టె ఉంటుంది. ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి సంతకం చేస్తారు. వచ్చినదెంత, ఖర్చయినదెంత అనే కాగితం ఆదివారం మందిరం గోడకు అంటిస్తాము. పుచ్చుకున్నవారి పేర్లు అందులో ఉండవు. స్త్రీల సమాజం అక్కలు ముందుగా ఇళ్ళకు వెళ్ళి, ఎవరికి ఏమి అవసరమో అడుగుతారు. అందరికీ దుప్పటే కావాలని లేదు. ఒకరికి బీపీ మాత్రలు కావాలి. ఇంకొకరికి కిరాణా కొట్టులో ఖాతా బాకీ తీరాలి. అది చీకటిపడ్డాక, కెమెరా లేకుండా ఇంటికి చేరుతుంది. కచేరీ రోజున ముందు వరుస కుర్చీలు నాయకులకు కాదు, ఊరిలోని పెద్దవయసు తల్లులకు. ఆ సాయంత్రం వారు పుచ్చుకునేవారు కారు, మా అతిథులు. పిల్లలు పాడేది వారి కోసం.

ప్రియులారా, మీ సంఘాలలో కూడా ఈ నెల ఇటువంటి కార్యక్రమాలు ఉంటాయి. పిల్లల చేత పాడించండి, తప్పక కానుక పట్టండి. కానీ పేదవారిని వేదిక ఎక్కించే ముందు ఒక్క క్షణం ఆగండి. మన పిల్లలు మన ప్రసంగం కంటే మన చేతిని ఎక్కువగా చూస్తారు. పశువుల తొట్టిలో పండుకున్న ప్రభువును మొదట చూడవచ్చిన కాపరులను ఎవరూ సిగ్గుపరచలేదు. వారు సంతోషంతో దేవుని స్తుతిస్తూ తిరిగి వెళ్ళారు (లూకా 2:20). మన దగ్గరికి వచ్చినవారు కూడా అలాగే తిరిగి వెళ్ళాలి.

మొన్న శనివారం ఆ బాబు పాఠం అయ్యాక కీబోర్డుకు గుడ్డ కప్పుతూ అడిగాడు: "అయ్యగారూ, ఈసారి నేను వాయించేటప్పుడు మధ్యలో ఎవరినీ పిలవరు కదండీ?"

"పిలవము నాయనా" అన్నాము.

ఈ మాట నిలబెట్టుకొనే కృప ప్రభువు మాకు దయచేయును గాక. ఆమేన్.