సలహా చెప్పే ఓర్పు, సలహా వినే ఓర్పు



అడిగినా అడగకపోయినా సలహా చెప్పేవారికి ఏ ఊరిలోనూ కొదువ లేదు. ఓర్పుతో చెప్పేవారు తక్కువ. ఓర్పుతో విని, చేసి చూసి, తిరిగి వచ్చి ఏమి జరిగిందో చెప్పేవారు ఇంకా తక్కువ. ఈ నెల ఈ సంగతిని ఇనుము చెక్కే లేతు మిషను దగ్గర నిలువబడి ఆలోచిద్దాము.

లేతు మిషను మనకు కొత్తది కాదు. మోటారు షాఫ్టు అరిగినప్పుడు, ఇంజను బుష్ వదులైనప్పుడు మన పల్లెలవారు దానిని సంచిలో వేసుకొని పట్నములోని లేతు షాపుకు వెళ్తారు. టర్నరు ఆ ముక్కను చక్కులో బిగించి తిప్పుతాడు. టూలు మెల్లగా తాకి, చెరకు చెక్కినట్టు ఇనుమును చెక్కుతుంది. మనకు ఇది బ్రతుకుదెరువు పని. అయితే ఇంగ్లండు, అమెరికా వంటి దేశాలలో ఇదే పనిని కూలి కొరకు కాక ఇష్టము కొరకు, ఇంటి వెనుక షెడ్డులో చేసుకొనేవారు అనేకులున్నారు. వారిలో బడి పంతుళ్లు, గుమాస్తాలు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు కూడ ఉంటారు. చిన్న లేతు ఒకటి కొనుక్కొని చిన్న చిన్న ఆవిరి ఇంజన్లు, గడియారాలు, పనిముట్లు చేసుకొంటారు.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. 1898లో లండనులో పెర్సివల్ మార్షల్ అనే ఆయన ఇట్టివారి కొరకు ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రికను ప్రారంభించారు. ఆ సంవత్సరమే వారి సంఘము కూడ అక్కడ ఏర్పడింది. పాఠకులు తమ ఇబ్బందులు వ్రాసేవారు, తెలిసినవారు జవాబు చెప్పేవారు. కార్ఖానాలో పనివానికి ప్రక్కనే మేస్త్రీ ఉంటాడు. చేయి తప్పుచోట పడబోతే అరచి ఆపుతాడు. షెడ్డులో ఒంటరిగా నేర్చుకొనేవానికి మేస్త్రీ లేడు. కాబట్టి దూరాన ఉన్న తెలిసినవారి మాటే అతనికి మేస్త్రీ. ఆ మాట సరిగా అందకపోతే పాడయ్యేది ఇనుప ముక్క ఒక్కటే కాదు, ఒక్కొక్కసారి వేళ్లు కూడ.

కొత్తగా నేర్చుకొనేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి చూడండి. “ముక్కను చెక్కుతుంటే అంతా అదురుతున్నది, కీచుమని శబ్దము వస్తున్నది, పైన అలలు అలలుగా గీతలు పడుతున్నవి. ఏమి చేయాలి?” అనుభవమున్న ఒకాయన వెంటనే, “నీ లేతు నాసిరకము, అమ్మివేయి” అంటాడు. మరొకాయన, “టూలు మొండిబారింది” అంటాడు. ఇంకొకాయన, “ఈమాత్రము తెలియనివాడవు లేతు ఎందుకు కొన్నావు?” అంటాడు. ముగ్గురూ జవాబు చెప్పారు గాని, ముగ్గురిలో ఒక్కరు కూడ తిరిగి ఒక ప్రశ్న అడగలేదు.

ఓర్పుగలవాడు మొదట అడుగుతాడు. ముక్క ఏ లోహము? ఎంత లావు? చక్కు నుండి ఎంత పొడవు బయటికి ఉన్నది? లావుకు మూడింతలు మించి బయటికి ఉండి, రెండవ కొనకు ఆధారము లేకపోతే అది వెదురు కొనవలె ఊగుతుంది. టూలు బిగించిన చోటి నుండి ఎంత ముందుకు వచ్చింది? అది కూడ పొట్టిగా ఉంటేనే మంచిది. టూలు మొన, ముక్క నడిమధ్య ఎత్తుకు సరిగా ఉన్నదా? ముక్క ముఖాన్ని చదును చేసినప్పుడు మధ్యలో చిన్న మొటిమవలె మిగిలిపోతే, మొన ఆ ఎత్తులో లేదని గుర్తు. స్లైడులు వదులుగా ఉన్నవా? తిరిగే వేగమెంత? ఈ ప్రశ్నలకు జవాబులు వచ్చేసరికి సగము సలహా దానంతట అదే బయటపడుతుంది. అడిగినవాడు కూడ తన మిషనును తానే పరీక్షించుకోవడము నేర్చుకొంటాడు. రేపు మరొక ఇబ్బంది వస్తే ఎవరినీ అడగకుండానే సగము దూరము వెళ్లగలడు.

తెలిసినవారు ఇద్దరు రెండు విధాలుగా చెప్పినప్పుడు క్రొత్తవాడు తికమకపడతాడు. సుమారు 25 మిల్లీమీటర్ల లావుగల మెత్తని ఇనుప కడ్డీని నిమిషానికి 400 చుట్లు తిప్పమని ఒకరంటారు, 1200 చుట్లని మరొకరంటారు. వీరిలో అబద్ధమాడినవారెవరు? ఎవరూ కాదు. మొదటివారు వాడేది హైస్పీడ్ స్టీలు టూలు. ఆ టూలుతో మెత్తని ఇనుమును చెక్కేటప్పుడు దాని పైభాగము నిమిషానికి సుమారు 30 మీటర్లు కదలడము తగిన వేగము. రెండవవారు వాడేది కార్బైడు టూలు. అది ఎక్కువ వేడిని తట్టుకొంటుంది కనుక మూడింతలు వేగమైనా భరిస్తుంది, లేతుకు అంత బలముంటే. అలాగే అల్యూమినియమునకు కొంచెము కిరసనాయిలు రాయమని చెప్పే మాట నిజమే, పోత ఇనుమును పొడిగానే చెక్కమని చెప్పే మాట కూడ నిజమే. కాబట్టి, “ఇలాగే చేయాలి” అనడము కంటె, “నా దగ్గర ఫలానా మిషను, ఫలానా టూలు ఉన్నవి, వాటితో నేను ఇలా చేస్తాను” అనడము మేలు. అప్పుడు వినేవాడు దానిని తన మిషనుకు సరిచూసుకోగలడు.

పెద్దలలో పెద్దలకే అభిప్రాయాలు కలియని సందర్భములు ఉన్నవి. 1920లలో ఇంగ్లండులో చిన్న రైలింజన్ల బాయిలర్ల విషయములో గొప్ప వాదము జరిగింది. ఇంత చిన్న ఇంజనుకు స్పిరిటు మంటే తగినదని, పెద్ద ఇంజనువలె బొగ్గుతో నడపాలనుకోవడము వృథా అని పేరుగల నిపుణులు చెప్పేవారు. రైల్వేలో పనిచేసిన కర్లీ లారెన్స్ అనే ఆయన దీనికి ఒప్పుకొనలేదు. ఆయన ఎల్.బి.ఎస్.సి. అనే కలము పేరుతో వ్రాసేవారు. పట్టాల మధ్య రెండున్నర అంగుళముల వెడల్పు మాత్రమే ఉన్న దారిమీద, ‘అయేషా’ అనే తన చిన్న ఇంజనును బొగ్గుతో నడిపి, పెద్ద మనిషిని కూర్చుండబెట్టి లాగించి చూపించారు. కాగితముమీద ఎన్ని మాటలైనా తీరని వాదము పట్టాలమీద తీరింది. సలహాల విషయములో మాట పంతము ఎక్కువైనప్పుడు, “చేసి చూద్దాము” అనేదే మంచి తీర్పు.

ఆయన చేసిన అంతకంటె పెద్ద మేలు ఆ తరువాతిది. 1924 నుండి దశాబ్దముల తరబడి ఆయన క్రొత్తవారికి అర్థమయ్యేలా వ్రాస్తూ వచ్చారు. ఈ ముక్కను ఇలా పట్టుకో, ముందు ఇది చెక్కు, తరువాత ఆ రంధ్రము వేయి అని, ప్రక్కన నిలువబడి చెప్పినట్టు చెప్పేవారు. క్రొత్తగా నేర్చుకొనేవారి కొరకే ‘టిచ్’ అనే చిన్న ఇంజనును రూపొందించారు. ఎన్నడూ లేతు ముట్టనివారు ఆయన మాటలు పట్టుకొని నడిచే ఇంజన్లు చేసుకొన్నారు. తనకు బాగా తెలిసినదానిని ఏమీ తెలియనివాని మెట్టు వరకు దిగి చెప్పడమే సలహా చెప్పేవాని ఓర్పు.

ఇక అడిగేవాని వంతు. మొదట, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాలి. మిషను ఏది, లోహము ఏది, ఏమి చేస్తుంటే ఏమి జరిగింది అన్నీ చెప్పకుండా, “పని సరిగా రావడము లేదు” అంటే వైద్యుని దగ్గరకు వెళ్లి, “ఒంట్లో బాగా లేదు” అని ఊరకుండినట్టే. రెండవది, ఒకేసారి ఒక్క మార్పే చేయాలి. టూలు మార్చి, వేగము తగ్గించి, స్లైడు బిగించి, మూడూ ఒక్కసారే చేస్తే అదురు పోవచ్చును గాని, దేనివలన పోయిందో ఎన్నటికీ తెలియదు. మూడవది, తిరిగి వచ్చి ఫలితము చెప్పాలి. చాలామంది ఇదే మరచిపోతారు. పని కుదిరితే సంతోషములో మరచిపోతారు, కుదరకపోతే కోపములో మానివేస్తారు. ఒక గంట కూర్చుని జవాబు చెప్పిన పెద్దాయన ఎదురుచూచే కూలి ఆ కబురు ఒక్కటే. “మీరు చెప్పినట్టు చేశాను, కుదరలేదు” అన్నా ఆయనకు అది మేలే, తరువాత అడిగేవారికి ఇంకా మేలు.

ఓర్పు అంటే అన్నిటికీ నెమ్మదిగా మాట్లాడడమని అనుకొనకూడదు. చక్కులో తాళము ఉంచి మరచిపోయి మిషను వేస్తే, ఆ తాళము రాయివలె ఎగిరి మనిషిని కొడుతుంది. తిరిగే మిషను దగ్గర చేతికి గ్లవుజు ఉంటే అది చిక్కుకొని చేతినే లోపలికి లాగివేస్తుంది. వదులు చొక్కా చేతులు, విరబోసిన జుట్టు కూడ అంతే. పొడవుగా చుట్టలు చుట్టుకొనే ఇనుప తొక్కను వ్రేళ్లతో లాగకూడదు. పిడి లేని ఆకురాయిని లేతు దగ్గర పట్టుకొనకూడదు. ఇట్టివి కనబడినప్పుడు అడిగేవరకు ఆగవలసిన పని లేదు, వెంటనే, స్పష్టముగా చెప్పాలి. అయితే హెచ్చరించడము వేరు, అవమానించడము వేరు. “ఆ తాళము తీసిన తరువాతనే స్విచ్చి వేయి నాయనా” అంటే వింటాడు. “బుద్ధి లేదా” అని పదిమందిలో అంటే, ఈ తాళము తీస్తాడు గాని రేపటి సందేహము మనలను అడగడు. అడగకుండా చేసిన ఆ పనిలోనే వ్రేలు పోవచ్చును. కఠినమైన మాటవలన జరిగే అసలు నష్టము ఇదే: మనము చెప్పకముందే ఎదుటివాడు అడగడము మానివేస్తాడు.

ఈ సంగతి లేతు షెడ్డు దగ్గరే ఆగిపోదని మీకు తెలుసు. మన ఇంటిలో మోటారు పని నేర్చుకొనే కుర్రవాడున్నాడు, కుట్టుమిషను ముందు మొదటిసారి కూర్చున్న ఆడపిల్ల ఉన్నది, వంటయింటిలో క్రొత్త కోడలున్నది. వారు ఒకే సంగతి మూడవసారి అడిగినప్పుడు, “ఎన్నిసార్లు చెప్పాలి?” అనే మాట మన నాలుకమీదకు వస్తుంది. ఆ క్షణములో, “ఏదీ, నీవు ఎలా చేశావో చూపించు” అని ఒక్క మాట అని చూడండి. అలాగే మనకు ఎవరైనా ఒక మంచి మాట చెప్పి ఉంటే, దానిని ఒకసారి చేసి చూసి, ఏమి జరిగిందో వారి దగ్గరకు వెళ్లి చెప్పి రండి. చెప్పినవారికి అది పండుగ భోజనము పెట్టినంత తృప్తి.