పొగ నిషేధము: ఆఫ్రికా నగరాల అనుభవము

చట్టం శాసనసభలో నెగ్గినంతమాత్రాన వీధిలో నెగ్గినట్లు కాదు. బహిరంగ స్థలాలలో ధూమపాన నిషేధం విషయంలో ఆఫ్రికా నగరాల అనుభవం ఈ సత్యాన్నే చాటుతున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యాన 2003లో ఆమోదం పొందిన పొగాకు నియంత్రణ ఒడంబడిక 2005 ఫిబ్రవరిలో అమలులోనికి వచ్చింది. పనిచేసే చోట్లను, బహిరంగ స్థలాలను, ప్రయాణ సాధనాలను ఇతరులు విడిచే పొగనుండి కాపాడడం ప్రభుత్వాల విధి అని దాని ఎనిమిదవ అధికరణం నిర్దేశించింది. ఆఫ్రికా దేశాలలో అధిక భాగం దీనికి సమ్మతించినవి. కెన్యా 2007లో, ఉగాండా, నైజీరియాలు 2015లో, ఇథియోపియా 2019లో చట్టాలు చేసినవి. దక్షిణాఫ్రికా 1993లోనే చట్టం చేసి, 1999లో దానిని సవరించింది.

అయితే ఈ చట్టాలన్నీ ఒక్క తీరున లేవు. దక్షిణాఫ్రికా నిబంధనలు హోటళ్ళలో నాలుగవ వంతు స్థలాన్ని పొగత్రాగేవారికి విడిచిపెట్టినవి. కెన్యా కూడ ప్రత్యేక స్థలాలను అంగీకరించింది. పైకి ఇది ఉభయతారకమైన ఏర్పాటువలె కనబడుతుంది. కాని ఆ గదిలోనికి పళ్ళెం పట్టుకొని పోయే పనివాని మాటేమిటి? అతిథి ఒక గంట కూర్చుండి లేచిపోతాడు. పనివాడు రోజంతా ఆ గాలినే పీల్చవలె. నోరు విప్పితే ఉద్యోగం పోతుందన్న భయం అతనిని వెన్నాడుతూనే ఉంటుంది. ఇక తనిఖీకి వచ్చిన అధికారి స్థలం నాలుగవ వంతుకు మించినదా, తలుపు మూసి ఉన్నదా అని కొలతలు వేస్తూ నిలువవలసినదే. మినహాయింపు పెరిగినకొద్దీ వాదానికి చోటు పెరుగుతుంది. 2022లో దక్షిణాఫ్రికా పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు ఈ మినహాయింపును తొలగింపజూడడం గమనింపదగినది.

ఉగాండా మరొక మార్గం త్రొక్కింది. బహిరంగ స్థలాలలోనే గాక, వాటికి 50 మీటర్లలోపల కూడ పొగత్రాగరాదన్నది. ఒక పెద్ద సిగరెట్టు కంపెనీ ఈ చట్టాన్ని సవాలు చేయగా, రాజ్యాంగ న్యాయస్థానం 2019లో ఆ పిటిషన్‌ను త్రోసిపుచ్చింది. న్యాయస్థానంలో చట్టం నిలిచింది. కాని కంపాలావంటి ఇరుకైన నగరంలో ఏబది మీటర్లంటే దాదాపు వీధికి వీధే. దానిని ఏ పోలీసు కొలువగలడు?

ప్రతి సిగరెట్టు వెంట ఒక పోలీసును నడిపించడం ఏ నగరానికీ సాధ్యం కాదు. అట్లు చేయబూనితే బీదవాని జేబుకే చిల్లు పడుతుంది. స్థలం యజమానిని బాధ్యుని చేయడమే దీనికి ఉపాయం. హోటలుకు, బారుకు లైసెన్సు ఇచ్చే నగరపాలక సంస్థ చేతిలోనే అసలు పగ్గం ఉన్నది. లోపల పొగ కనబడితే లైసెన్సుకే ముప్పు అని తెలిసిన యజమాని తానే కావలి కాస్తాడు. నిషేధం సంపూర్ణమైనప్పుడు ఎవరూ కొలబద్ద పట్టనక్కరలేదు. పొగ ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది.

పౌరశాస్త్రం చదివే మన విద్యార్థులు ఇందులో గ్రహింపవలసినది ఒకటి ఉన్నది. ఏ చట్టాన్నయినా పరీక్షించేటప్పుడు శిక్ష ఎంత కఠినమని కాక, తప్పించుకొని పోలేని బలహీనునికి అది ఎంత అండగా ఉన్నదని అడగవలె.